అమ్మ మోకాళ్ల నొప్పులతో మూడు రోజుల ఎడిన్‌బరా ట్రిప్: ప్లాన్ చూసి చెప్పండి

కృష్ణలంక_శీను
మే 9, రాత్రి 10:12

అందరికీ నమస్తే. రెండేళ్లుగా లీడ్స్‌లో ఉంటున్నాను. అమ్మానాన్న బెజవాడ నుంచి వచ్చారు, జూన్ రెండో వారంలో వాళ్లని మూడు రోజులు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బర్గ్ తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, నడకంటే ఇష్టం, ఏది చూసినా ఎప్పుడు కట్టారు, ఎంత పొడవు అని అడుగుతారు. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. చదునుగా ఉంటే అరగంట హాయిగా నడుస్తుంది, మెట్లయితే పది ఎక్కేసరికి ఆగిపోతుంది. పైగా శాకాహారం. ఉల్లి, వెల్లుల్లి పర్లేదు, గుడ్డు కూడా వద్దు.

నా ప్లాన్ ఇదీ: మొదటి రోజు కాజిల్ (కోట), రాయల్ మైల్ వీధి, మేరీ కింగ్స్ క్లోజ్ అనే నేల కింది పాత వీధి. రెండో రోజు హైలాండ్స్ కొండల్లో బస్సు టూర్, లాక్ నెస్ సరస్సు దాకా. మూడో రోజు ఆర్థర్స్ సీట్ కొండ, మ్యూజియం, సాయంత్రం రైలు. మ్యాప్‌లో చూస్తే ఊళ్లోవన్నీ పది నిమిషాల నడకలోనే ఉన్నాయి కాబట్టి టాక్సీల ఖర్చు ఉండదనుకుంటున్నా. ఏమైనా మార్చాలా?

ఓరుగల్లు_రమ
మే 9, రాత్రి 10:58

శీను గారూ, తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తున్నా, ఏమీ అనుకోకండి. ఈ ప్లాన్‌తో వస్తే మొదటి రోజు మధ్యాహ్నానికే అమ్మగారు ఇంక రూముకి పోదాం అంటారు.

ముందు మ్యాప్‌ని నమ్మడం మానేయండి. ఈ ఊరు చాప పరిచినట్టు ఉండదు, మేడ మీద మేడ కట్టినట్టు ఉంటుంది. మ్యాప్‌లో జార్జ్ ఫోర్త్ బ్రిడ్జ్, కౌగేట్ అని రెండు వీధులు కలుస్తున్నట్టు కనిపిస్తాయి, అక్కడ మలుపు తిరిగితే సరిపోతుంది అనుకుంటాం. తీరా వెళ్తే ఒకటి వంతెన మీద ఉంటుంది, ఇంకోటి ఎక్కడో అడుగున లోయలో ఉంటుంది. సౌత్ బ్రిడ్జ్ అయితే ఇంకా విచిత్రం. 1788లో తెరిచిన ఆ వంతెనకి 19 కమాన్లుంటే బయటికి కనిపించేది ఒక్కటే, మిగతా పద్దెనిమిదీ రెండు పక్కలా కట్టిన బిల్డింగుల వెనక దాక్కున్నాయి. దాని మీద నడుస్తుంటే వంతెన మీద ఉన్నామనే తెలియదు, మామూలు బజారే. వచ్చిన కొత్తలో ఒక షాపు కోసం ఇరవై నిమిషాలు ఒకే చోట గిరగిరా తిరిగాను. ఫోనేమో చేరుకున్నారు అంటోంది, షాపేమో నా కాళ్ల కింద ఉంది!

ఎందుకిలా అంటే, కాజిల్ ఉన్నది ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన రాయి మీద. దాదాపు 35 కోట్ల ఏళ్ల నాటి రాయి. మంచుయుగంలో పడమర నుంచి కదిలొచ్చిన మంచు ఆ రాయిని గుద్దుకుని రెండుగా చీలింది, రాయి వెనక తూర్పువైపు మాత్రం తోకలాగా ఒక వాలు మిగిలిపోయింది. ఆ తోక మీద వేసిందే రాయల్ మైల్. ఆ కొసన కాజిల్, ఈ కొసన హోలీరూడ్ ప్యాలెస్, మధ్య సుమారు 1.8 కిలోమీటర్లు, మొత్తం ఒకే దిగుడు. చేప వెన్నుకి ముళ్లలాగా రెండు పక్కలా సందులు దిగిపోతాయి. వాటిని క్లోజ్ అంటారు. చాలావాటిలో మెట్లే ఉంటాయి.

అందుకని మా ఇంటికి పెద్దవాళ్లెవరొచ్చినా నాది ఒకటే పద్ధతి: పైకి బండి, కిందికి నడక. ప్రిన్సెస్ స్ట్రీట్ పక్క హానోవర్ స్ట్రీట్‌లో 23 గానీ 27 గానీ నంబరు బస్సు ఎక్కితే మౌండ్ అనే కట్ట మీదుగా జార్జ్ ఫోర్త్ బ్రిడ్జ్ దగ్గర దింపుతుంది, కష్టమైన ఎక్కుడంతా బస్సే ఎక్కేస్తుంది. కాజిల్‌కి మాత్రం టాక్సీలో వెళ్లిపోండి. అక్కణ్ణించి కిందికి మెల్లగా, ఎక్కడ కాఫీ వాసన వస్తే అక్కడ కూర్చుంటూ.

గోదారి_గట్టు
మే 9, రాత్రి 11:20

అన్నవరం కొండకి బస్సులో పోయి మెట్ల మీంచి దిగినట్టన్నమాట. రమ గారూ, ప్రసాదం కూడా ఉంటుందా?

ఓరుగల్లు_రమ
మే 9, రాత్రి 11:24

ఉంటుంది, షార్ట్‌బ్రెడ్. వెన్న ఎక్కువ, యాలకులు లేవు.

లీత్_వాసి
మే 10, ఉదయం 7:45

నాదొక మాట, తిట్టుకోకండి. అసలు కాజిల్ లోపలికి వెళ్లక్కర్లేదు. ముగ్గురికి టికెట్లంటే తక్కువేం కాదు, లోపలంతా గుండ్రాళ్లు పరిచిన దారి, అదీ ఎక్కుడే. ప్రిన్సెస్ స్ట్రీట్ గార్డెన్స్‌లో బెంచీ మీద కూర్చుని చూస్తే అంతకన్నా బాగా కనిపిస్తుంది. చాలామంది ఏదో రాజుల రాయి చూడాలని వెళ్తారు, పట్టాభిషేకాల రాయి, స్టోన్ ఆఫ్ డెస్టినీ, అది ఇప్పుడు అక్కడ లేదు, 2024లో పెర్త్ మ్యూజియంకి తీసుకెళ్లిపోయారు.

ఆ తోట ఉన్నచోట ఒకప్పుడు నార్ లాక్ అని చెరువుండేది. రక్షణ కోసం లోయకి అడ్డకట్ట వేసి నింపారు, తర్వాత ఊరి మురికంతా అందులోకే. 18వ శతాబ్దంలో ఎండగట్టడం మొదలుపెట్టారు. అవతలి ఒడ్డున 1767లో జేమ్స్ క్రెయిగ్ అనే కుర్రాడు గీసిన ప్లాన్ ప్రకారం న్యూ టౌన్ కట్టారు, ఆ పునాదుల్లో తవ్విన మట్టిని దాదాపు 15 లక్షల బండ్లు తెచ్చి పోస్తే అయిన కట్టే రమ గారు చెప్పిన మౌండ్. కాబట్టి 23 నంబరు బస్సు ఎక్కేది నిజానికి కొండ కాదు, మట్టి కుప్ప.

పాతబస్తీ_పాదచారి
మే 10, ఉదయం 9:30

కాజిల్ వద్దనడం మాత్రం నేనొప్పుకోను అన్నా. అంత దూరం నుంచి వచ్చినోళ్లని గేటు బయట కూర్చోబెట్టి కోట చూడండి అంటే గోల్కొండని లంగర్ హౌస్ నుంచి చూడమన్నట్టే. లోపల సెయింట్ మార్గరెట్ చాపెల్ ఉంది, 1130 ప్రాంతంలో కట్టింది, ఊళ్లో మిగిలినవాటిలో అన్నిటికంటే పాత కట్టడం అదే. పట్టుమని పాతిక మంది పట్టరు. స్కాట్లాండ్ రాజుల కిరీటం, రాజదండం, కత్తి ఉన్నాయి. 1707లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ కలిసినప్పుడు వాటిని ఒక పెట్టెలో పెట్టి గదికి తాళమేస్తే నూరేళ్లు దాటాక 1818లో రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి తెరిపించాడు. మన దగ్గర గుప్తనిధుల కథలు వినే నాన్నలకి ఇంతకన్నా ఏం కావాలె? మాన్స్ మెగ్ అని పెద్ద ఫిరంగి కూడా ఉంది, 1449లో చేసింది.

మోకాళ్ల సంగతంటారా, నడవలేనోళ్ల కోసం గేటు నుంచి పై చౌక్ దాకా వాళ్ల బండే ఉంటది, పైసలు తీసుకోరు. లోపలికి పోంగనే స్టాఫ్‌ని అడగాలె, అంతే. మా అత్తమ్మని అట్లనే తీసుకపోయినం. 70 మెట్ల లాంగ్ స్టెయిర్స్ అని ఒకటి కనపడ్తది, దాని జోలికి పోకండి, పక్కనుంచి చుట్టు తిరిగే బాట ఉంది.

లీత్_వాసి
మే 10, ఉదయం 9:52

ఆ బండి సంగతి నాకు తెలీదు. సరే, కాజిల్ ఉంచండి. కానీ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి, గేటు దగ్గరైతే ధర ఎక్కువ, జూన్‌లో దొరక్కపోవచ్చు కూడా.

కృష్ణలంక_శీను
మే 10, మధ్యాహ్నం 1:15

అందరికీ థ్యాంక్స్. ఆర్థర్స్ సీట్ 251 మీటర్లే కదా, మా ఇంద్రకీలాద్రి ఎక్కినట్టు నెమ్మదిగా ఎక్కించలేనా? మేరీ కింగ్స్ క్లోజ్ సంగతేంటి? హైలాండ్స్ టూర్ ఉంచాలా, తీసేయాలా? ప్లాన్‌లో చివరికి ఏమైనా మిగులుతుందా అని భయమేస్తోంది.

ఓరుగల్లు_రమ
మే 10, సాయంత్రం 6:40

మీరు ఇంద్రకీలాద్రి కూడా బస్సులోనే ఎక్కించి ఉంటారు, నిజం చెప్పండి. 🙂

ఆర్థర్స్ సీట్ శిఖరం దగ్గర దారి కాదు, నున్నబడిపోయిన రాళ్లు. వాన పడితే కుర్రాళ్లే జారిపడతారు. నాన్నగారిని మీరు తీసుకెళ్లండి. అమ్మగారితో అయితే టాక్సీ మాట్లాడుకుని కొండ చుట్టూ ఉండే రోడ్డులో డన్సపీ లాక్ అనే చిన్న చెరువు దాకా వెళ్లండి, అక్కడికే చాలా ఎత్తు వచ్చేస్తుంది, హంసలుంటాయి, అవతల సముద్రం కనిపిస్తుంది. అక్కణ్ణించి శిఖరం దగ్గర కూడా. వారాంతాల్లో ఆ రోడ్డులో కార్లు పోనివ్వకపోవచ్చు, ముందే చూసుకోండి. అదే కొండకి ఊరివైపున్న ఎర్రటి కొండచరియ సాలిస్‌బరీ క్రాగ్స్. జేమ్స్ హట్టన్ అనే ఆయన 18వ శతాబ్దంలో ఆ రాళ్లు చూసే, ఇది కరిగిన రాయి అడుగు నుంచి పైకి తోసుకొచ్చి ఏర్పడిందని, భూమి వయసు మనుషులు అనుకునే కొన్ని వేల ఏళ్లు కాదని వాదించాడు. జియాలజీ చదువుకున్నవాళ్లకి అదొక తీర్థం.

మేరీ కింగ్స్ క్లోజ్ మాత్రం అమ్మగారికి వద్దేవద్దు. 1753లో పైన పెద్ద బిల్డింగు కట్టాలని పాత ఇళ్ల పై అంతస్తులు కొట్టేసి కింది గదుల్ని పునాదిగా వాడేశారు. ఆ కింది వీధే ఇప్పుడు చూపించేది. మెట్లు ఎక్కువ, నేల ఎగుడుదిగుడు, వెలుతురు తక్కువ, ఫొటోలు కూడా తీయనివ్వరు. 1645 ప్లేగులో జనాన్ని లోపలే ఉంచి గోడ కట్టేశారని బయట చెప్పుకుంటారు గానీ అది కట్టుకథ.

హైలాండ్స్ ఒక్క రోజు టూర్ తీసేయండి. లాక్ నెస్ దాకా వెళ్లి రావాలంటే పన్నెండు గంటలు, అందులో ముప్పాతిక వంతు సీట్లో కూర్చోవడమే. మడిచిన మోకాలు విప్పడానికి ఏడుపొస్తుంది. దాని బదులు రైల్లో స్టర్లింగ్ వెళ్లొచ్చు, గంట కూడా పట్టదు. కాకపోతే అక్కడి కోట కూడా కొండ మీదే.

గోదారి_గట్టు
మే 10, సాయంత్రం 7:05

గార్డు గారిని తీసుకొస్తూ ఫోర్త్ బ్రిడ్జ్ (ఊరి బయట సముద్రపాయ మీదుండే రైలు వంతెన) మాట ఎవరూ ఎత్తరేంటి? శీనూ, నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లకపోతే రైల్వే సంఘంలోంచి నిన్ను వెలేస్తారు. 1890లో తెరిచారు, రెండున్నర కిలోమీటర్లు, 65 లక్షల రివెట్లు, ఎర్ర రంగు. ఇప్పటికీ రైళ్లు దాని మీదే నడుస్తున్నాయి. మా రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన దానికంటే పదేళ్లు చిన్నది, 1900లో వచ్చింది, 1997లోనే రైళ్లు ఆపేసి మూలన కూర్చోబెట్టారు. నాకు ఆ కడుపుమంట ఇంకా ఉంది.

డాల్మెనీ స్టేషన్‌లో దిగితే వంతెన కిందున్న సౌత్ క్వీన్స్‌ఫెర్రీ ఊళ్లోకి మెట్లు చాలా ఉంటాయి, కాబట్టి ఊళ్లోంచి బస్సులో గానీ టాక్సీలో గానీ నీళ్ల ఒడ్డుకే వెళ్లండి. ఒడ్డున గోడ మీద కూర్చుంటే వంతెన నెత్తిమీదే ఉంటుంది.

కొత్త_సభ్యుడు_77
మే 10, రాత్రి 8:31

స్కాట్లాండ్‌కి వేరే వీసా కావాలా అండి? మా అత్తమామలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు.

లీత్_వాసి
మే 10, రాత్రి 8:40

అక్కర్లేదు. యూకే విజిటర్ వీసా ఒక్కటే, స్కాట్లాండ్ కూడా అందులోదే. రైల్లో సరిహద్దు దాటితే ఎవరూ ఏమీ అడగరు.

ఒకటే తేడా, నోట్లు. ఇక్కడ మూడు బ్యాంకులు సొంతంగా పౌండు నోట్లు అచ్చేస్తాయి. విలువ ఒకటే, కానీ ఇంగ్లండ్‌లో కొన్ని షాపులవాళ్లు వాటిని అటూ ఇటూ తిప్పి చూస్తారు, ఇండియాకి పట్టుకెళ్తే మార్చుకోవడం ఇంకా కష్టం. చేతిలో ఉన్నవి ఇక్కడే ఖర్చు పెట్టేయండి. బస్సుల్లో డబ్బులిస్తే చిల్లర ఇవ్వరు, కార్డు తాటిస్తే చాలు, రోజుకి ఇంతకన్నా ఎక్కువ తీసుకోకూడదని వాళ్లే ఆపేస్తారు. విమానంలో వస్తే ట్రామ్ ఉంది, ఎయిర్‌పోర్ట్ స్టాప్ నుంచి ఎక్కితే టికెట్ బాగా ఎక్కువ, తర్వాతి స్టాప్ ఇంగ్లిస్టన్ నుంచి మామూలు ధరే. సామాన్లు లేకపోతే కొంతమంది అక్కడి దాకా నడిచెళ్లి ఎక్కుతారు. అత్తమామలతో మాత్రం ఆ పని చేయకండి.

హోటల్ బిల్లులో ఇంకోటి: 2026 జూలై 24 నుంచి చేసే బసలకి గది అద్దె మీద 5 శాతం సిటీ పన్ను పడుతుంది, వరసగా ఐదు రాత్రుల వరకే.

పాతబస్తీ_పాదచారి
మే 11, ఉదయం 8:10

తిండి సంగతి ఎవరూ చెప్పలే. నాన్నగారు మాంసం తినేటట్టయితే హ్యాగిస్ పెట్టించండి. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగ తరిగి ఓట్స్, ఉల్లిగడ్డ, మిరియాలు కలిపి ఉడికిస్తరు. ఇంగ్లిష్ దోస్తులు పేరు వింటేనే మొహం తిప్పుకుంటరు గానీ, బోటి కూర తిని పెరిగినోళ్లకి దాంట్ల భయపడేదేముంది? కొంచెం కారం తక్కువ, అంతే.

అమ్మగారికి వెజిటేరియన్ హ్యాగిస్ దొరుకుతది, పప్పులు, ఓట్స్, గింజలతోటి. మస్తు హోటళ్లలో ఉంటది. తినేముందు ఒక్కసారి అడుగుండ్రి, దాని మీద పోసే సాస్‌లో మాంసం ఉండొచ్చు.

ఇంకొక ముచ్చట, హైదరాబాద్‌ది. ప్రిన్సెస్ స్ట్రీట్ గార్డెన్స్‌లో పడమర చివర సర్ జేమ్స్ యంగ్ సింప్సన్ విగ్రహం ఉంటది. 1847లో ఈ ఊళ్లోనే, క్వీన్ స్ట్రీట్‌లోని తన ఇంట్లో, భోజనాల బల్ల చుట్టూ దోస్తులతో కూర్చుని క్లోరోఫాం పీల్చి చూసిండు, అందరూ బల్ల కింద పడ్డరు. అట్ల మొదలైంది క్లోరోఫాంని మత్తుమందుగ వాడుడు. కొన్నేళ్లకి క్లోరోఫాంతో రోగులు చనిపోతున్నరని గొడవైతే, అసలు ముందు ఆగేది గుండెనా, శ్వాసనా అని తేల్చడానికి ప్రయోగాలు జరిగింది ఎక్కడ? మన హైదరాబాద్‌ల, 1888, 89లో, నిజాం పైసలతో. నడిపించిన ఎడ్వర్డ్ లారీ చదివింది ఎడిన్‌బరాలో. శ్వాసే ముందు ఆగుతదని లారీ అన్నడు, తర్వాతి కాలంల ఆ మాట పూర్తిగా నిలబడలేదనుకోండి, గుండె కూడా ఆగుతదని తేలింది. కానీ ఆ విగ్రహం ముంగట నిలబడితే నాకు అఫ్జల్‌గంజ్ యాదికొస్తది.

సరోజినీ నాయుడు నాన్న అఘోరనాథ్ చటోపాధ్యాయ కూడా ఈ యూనివర్సిటీలనే డాక్టరేట్ తీసుకుని వచ్చి హైదరాబాద్‌ల కాలేజీ పెట్టిండు, అదే తర్వాత నిజాం కాలేజీ అయింది.

అనంత_యాత్రికుడు
మే 11, ఉదయం 10:02

హైదరాబాద్ వాళ్లకు ఎడిన్‌బరా అయితే సీమ వాళ్లకు గ్లాస్గో. మా దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పుట్టింది అక్కడే, 1761లో. పోయింది మా పత్తికొండలో, 1827లో, కలరాతో. మా తాతల కాలంలో మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. ఎడిన్‌బరా నుంచి రైల్లో గంటలోపే.

ఓరుగల్లు_రమ
మే 11, ఉదయం 10:30

ఇది చరిత్ర పాఠం కాకముందే ఒక్క మాట. మ్యూజియం గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఛాంబర్స్ స్ట్రీట్‌లో నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లాండ్, టికెట్ లేదు, ప్రతి అంతస్తుకీ లిఫ్ట్, బాత్రూములు శుభ్రం (పెద్దవాళ్లతో తిరిగేటప్పుడు ఇదే ముఖ్యం, ఎవరూ చెప్పరు). మొట్టమొదటిసారి ఎదిగిన గొర్రె కణం నుంచి క్లోనింగ్‌తో పుట్టించిన గొర్రె డాలీ ఉంది, గాజు పెట్టెలో. ఏడో అంతస్తులో డాబా ఉంది, లిఫ్ట్‌లోనే వెళ్లొచ్చు, కాజిల్ ఎదురుగా కనిపిస్తుంది. వాన పడే రోజు కోసం అట్టే పెట్టుకోండి. వాన పడుతుంది కూడా.

జూన్ కదా అని స్వెటర్లు మానేయకండి, 17 డిగ్రీలొస్తే ఇక్కడ ఎండాకాలం. గొడుగు తేవద్దు, గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న కోటు తెచ్చుకోండి. ఒక్కోరోజు సముద్రం మీంచి హార్ అనే పొగమంచు వస్తుంది, పది నిమిషాల్లో కాజిల్ మాయమైపోతుంది. దిగులు పడకండి, మళ్లీ వస్తుంది. ఇంకా, హోటల్ బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా అని ఫోన్ చేసి అడగండి. వెబ్‌సైట్‌లో చూసి నమ్మొద్దు. ఇవన్నీ పాత రాతి బిల్డింగులు, గుండ్రటి మెట్లు.

అలాగే, ఊరి పేరు ఎడిన్‌బర్గ్ అనకండి, ఎడిన్‌బరా. స్టేషన్ వెనకున్న కాక్‌బర్న్ స్ట్రీట్‌ని కోబర్న్ అనాలి. లేకపోతే టాక్సీవాళ్లు నవ్వుతారు.

కృష్ణలంక_శీను
జూన్ 16, రాత్రి 9:48

వెళ్లొచ్చాం! ఇక్కడ ఇంతమంది ఇంత రాశారు కాబట్టి ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు, కొంచెం పొడుగ్గానే రాస్తున్నా.

ముందు నా తప్పు. రమ గారు చెప్పినా ఫోన్ చేయలేదు. వెబ్‌సైట్‌లో లిఫ్ట్ అని రాసుంది కదా అని బుక్ చేసేశా. లిఫ్ట్ ఉంది. కానీ వీధి గుమ్మం నుంచి ఆ లిఫ్ట్ దాకా తొమ్మిది రాతి మెట్లు! అమ్మ వాటిని చూసి, తర్వాత నన్ను చూసి, ఏమీ అనకుండా ఎక్కింది. ఏదైనా అనుంటే బాగుండేది. మూడు రోజులూ రోజుకి రెండుసార్లు ఆ తొమ్మిది మెట్లు నన్ను తిట్టాయి.

రైల్లో కుడివైపు సీట్లు తీసుకున్నాం. న్యూకాజిల్ దాటాక కాసేపటికి సముద్రం పక్కకే వచ్చేస్తుంది. బెర్విక్ దగ్గర ట్వీడ్ నది మీద వంతెన వస్తే నాన్న కమాన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, పదహారు దాకా వచ్చి మానేశారు. ఫోన్లో చూస్తే 28.

మొదటి రోజు వాన, నేరుగా మ్యూజియం. లూయిస్ దీవిలో 1831లో బయటపడ్డ చదరంగం పావులున్నాయి, వాల్రస్ దంతంతో చేసినవి, మొత్తం 93లో 11 ఇక్కడ, మిగతావి చాలావరకు లండన్‌లో. మన ఊళ్ల కైఫీయత్తులు రాయించిన కాలిన్ మెకంజీ పుట్టింది కూడా ఆ దీవిలోనే అని నాన్నకి చెప్తే నమ్మలేదు, కమాన్ల కోసం తీసిన ఫోన్ మళ్లీ తీయాల్సొచ్చింది. అరచేతిలో పట్టేంత రాణి, కళ్లు పెద్దవి చేసి, కుడిచెయ్యి చెంపకి ఆనించుకుని కూర్చుని ఉంటుంది. అమ్మ ఆ గాజు పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. ఎనిమిది వందల ఏళ్ల నాటిది అని నేను చదివి చెప్తుంటే, "పాపం, ఇంట్లో ఎవరో ఇంకా రానట్టుంది" అంది. అప్పట్నుంచి నాకు ఆ బొమ్మ ఇంకోలా కనిపించడం లేదు.

రెండో రోజు కాజిల్. పాతబస్తీ అన్నా, మీకు దండం, ఆ బండి నిజంగానే ఉంది, అడగ్గానే ఎక్కించుకున్నారు. తర్వాత రాయల్ మైల్ దిగుతూ సెయింట్ జైల్స్ దగ్గర ఆగాం. బయట నేల మీద గుండె ఆకారంలో రాళ్లు పరిచి ఉన్నాయి, ఒకప్పుడు జైలు ఉన్న చోటట, ఊరివాళ్లు దాని మీద ఉమ్ముతారు. ఒకాయన సూటు బూటు వేసుకుని వెళ్తూ వెళ్తూ ఠక్కున ఉమ్మేసి పోయాడు. అమ్మ అక్కణ్ణించి దూరంగా జరిగిపోయింది. నాన్న మాత్రం, "బెజవాడ స్టేషన్లో ఫైన్ వేసేవాళ్లం" అన్నారు. దిగువన ఒక బ్యాగ్‌పైపర్ వాయిస్తున్నాడు, ఆగకుండా ఒకే శృతి మోగుతుంటే మన తిత్తి గుర్తొచ్చింది.

ఇక అసలు సంగతి. మూడో రోజు, గురువారం, పన్నెండూ యాభైకి స్కాట్ మాన్యుమెంట్ దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. కాజిల్‌లో ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారని, 1861 నుంచి ఆదివారాలు తప్ప దాదాపు రోజూ పేలుస్తున్నారని, లీత్ రేవులో ఓడలు గడియారాలు సరిచూసుకోడానికి పెట్టారని నాన్నకి ముందే చెప్పా. కాల్టన్ హిల్ మీద నెల్సన్ స్తంభానికి ఒక బంతి ఒంటిగంటకి కిందికి జారుతుంది, పొగమంచులో అది కనిపించక ఈ శబ్దం పెట్టారట. నాన్నకి ఇంకేం కావాలి. పొద్దున్నే రేడియో టైంతో సరిచేసుకున్న హెచ్‌ఎంటీ వాచీ చేతికి ఉంది.

పన్నెండూ యాభై ఏడుకి నాన్న ఎదురుగా స్టేషన్ పక్కనున్న పెద్ద హోటల్ టవర్ గడియారం చూశారు. అది సరిగ్గా ఒంటిగంట చూపిస్తోంది. ఫిరంగి లేదు. "మీ వాళ్లు లేటు" అన్నారు. నేను ఫోన్ చూస్తే పన్నెండూ యాభై ఏడే. నాన్న మళ్లీ వాచీ చూసి, గడియారం చూసి, వాచీ చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. అప్పుడే ఢాం అని పేలింది, పావురాలన్నీ లేచాయి, అమ్మ చేతిలో ఉన్న సమోసా పొట్లం జారింది. వాచీలో ఒంటిగంట. టవర్ మీద ఒంటిగంటా మూడు.

నాన్న లేచి నేరుగా స్టేషన్లోకి వెళ్లిపోయారు. నేను వెనకాలే. నాన్న తన ఇంగ్లిష్‌లో అక్కడి ఉద్యోగిని పట్టుకుని మీ గడియారం మూడు నిమిషాలు ఫాస్ట్ అని చెప్తే ఆయన నవ్వి, అది తమది కాదని, హోటల్‌వాళ్లదని, జనం రైలు మిస్సవకూడదని కావాలనే ముందుకి పెట్టుంచుతారని, డిసెంబర్ 31 రాత్రి ఒక్కసారే సరిచేస్తారని చెప్పాడు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మెట్లు ఎక్కుతుంటే (ఎస్కలేటర్ ఉంది, అయినా మెట్లే ఎక్కారు) అన్నారు: "ముప్పై నాలుగేళ్లు గార్డుగా చేశాను. ఆలస్యానికి కారణాలు రిజిస్టర్‌లో రాశాను. జనం లేటుగా వస్తారని గడియారాన్నే ముందుకి తోయొచ్చని మాకెవరికీ తట్టలేదు."

ఓరుగల్లు_రమ
జూన్ 16, రాత్రి 10:20

ఆ బాల్మోరల్ హోటల్ గడియారం సంగతి నాకు తెలుసు, గార్డు గారని మీరు రాసినప్పుడే నోటిదాకా వచ్చింది, కావాలనే మింగేశా. 🙂 మెట్ల విషయంలో మాత్రం నేను చెప్పాను, రికార్డులో ఉంది.

గోదారి_గట్టు
జూన్ 16, రాత్రి 10:33

అంతా బానే ఉంది, వంతెన ఏది? నా ఫోర్త్ బ్రిడ్జ్ ఏది శీనూ?

కృష్ణలంక_శీను
జూన్ 16, రాత్రి 10:41

టైం సరిపోలేదు గురూ, ఆ మధ్యాహ్నం లీత్‌లో రాణిగారి ఓడ బ్రిటానియాకి వెళ్లాం. ట్రామ్ దిగితే అక్కడే, ఓడలో అన్ని అంతస్తులకీ లిఫ్ట్, అమ్మకి మొత్తం ట్రిప్పులో నచ్చింది అదే. అక్కడ గడియారాలన్నీ 3:01 దగ్గర ఆపేసి ఉన్నాయి, 1997లో రాణి చివరిసారి ఓడ దిగిన టైమట. నాన్న ఇంక ఏమీ అనలేదు. ఈ ఊళ్లో టైం గురించి మాట్లాడటం మానేశారు.

గోదారి_గట్టు
జూన్ 16, రాత్రి 10:44

అన్యాయం. ఆయన ఇండియా వెళ్లేలోపు ఒక్క రోజు మళ్లీ వెళ్లండి, టికెట్ డబ్బులు నేనిస్తా.

బందరు_లడ్డు
జూన్ 19, ఉదయం 6:55

హాయ్ ఫ్రెండ్స్, మేం ఎనిమిది మందిమి, ఆగస్టు రెండో వారంలో ఎడిన్‌బర్గ్ వస్తున్నాం, ఇంకా ఏమీ బుక్ చేయలేదు. ఊరి మధ్యలో చవకగా మంచి హోటల్ చెప్పగలరా?

లీత్_వాసి
జూన్ 19, ఉదయం 7:20

ఆగస్టంతా నాటకాలు, సంగీతాల ఫెస్టివల్, ఊరు జనంతో కిటకిట, గదుల ధరలు ఆకాశంలో. నెల మార్చుకోండి. కుదరకపోతే గ్లాస్గోలో ఉండి రైల్లో వచ్చి పోండి.

ఓరుగల్లు_రమ
జూన్ 19, ఉదయం 7:41

లిఫ్ట్ ఉందా అని ఫోన్ చేసి అడగండి.